కారు ఆడియోకి బ్యాటరీ, యాంప్లిఫయర్ సరిగ్గా అమర్చుకోవడం: లెక్క నుంచి గెయిన్ దాకా

కొత్త యాంప్లిఫయర్ పెట్టాక రాత్రిపూట బాస్ పడ్డప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారుతుంటాయి. ఎవరినడిగినా మొదట వచ్చే సలహా "బ్యాటరీ పెద్దది వేయించు" అనే. కొందరు డిక్కీలో రెండో బ్యాటరీ కూడా పెట్టించేస్తారు. డబ్బు ఖర్చవుతుంది, లైట్లు మాత్రం మళ్లీ మసకబారుతూనే ఉంటాయి. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ యాంప్లిఫయర్‌కి కరెంటు ఇచ్చేది ప్రధానంగా ఆల్టర్నేటర్, అంటే ఇంజిన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే యంత్రం. బ్యాటరీ పని ఇంజిన్ స్టార్ట్ చేయడం, ఆల్టర్నేటర్ అందుకోలేని క్షణాల్లో లోటు పూడ్చడం, ఇంజిన్ ఆపినప్పుడు పాటలు మోగించడం. ఆ లోటు పూడ్చిన కరెంటు కూడా తర్వాత ఆల్టర్నేటర్ నుంచే తిరిగి తీసుకుంటుంది. ఇంటి మీద ట్యాంకు పెద్దది కట్టినంత మాత్రాన మోటారు నీళ్లు ఎక్కువ తోడదు కదా, ఇదీ అంతే.

అందుకే కొనడం కన్నా ముందు లెక్క వేసుకోవాలి. ఆ తర్వాతే వైరు, ఫ్యూజు, బ్యాటరీ, చివరికి గెయిన్ (యాంప్లిఫయర్ మీదుండే సిగ్నల్ స్థాయి సర్దుబాటు).

ముందు కాగితం మీద లెక్క

డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండే "2000 వాట్లు" అనే అంకెను పట్టించుకోకండి. అది పీక్ లెక్క, అంటే క్షణకాలపు గరిష్ఠం, చాలాసార్లు ఆ పీక్ కూడా నిజం కాదు. మనకు కావాల్సింది ఆర్ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా ఇవ్వగల పవర్. సీఈఏ-2006 ప్రమాణం ప్రకారం కొలిచామని రాసి ఉంటే ఆ అంకెను నమ్మొచ్చు. 14.4 వోల్టుల సరఫరా మీద, 4 ఓమ్‌ల లోడుకి, వక్రీకరణ 1 శాతం దాటకుండా ఎంత పవర్ వస్తుందో అందులో చెబుతారు.

అలాంటి ముద్ర లేకపోతే యాంప్లిఫయర్ మీదున్న ఫ్యూజులు చూడండి. వాటి మీది అంకెలు కలిపి 13.8తో గుణిస్తే అది లోపలికి తీసుకోగల పవర్ సుమారుగా తెలుస్తుంది. మొత్తం 40 ఆంపియర్ల ఫ్యూజు ఉంటే 40 × 13.8 = 552 వాట్లు. ఇందులో కొంత వేడిగా పోతుంది. క్లాస్ డి రకమైతే సుమారు 80 శాతం, క్లాస్ ఏబీ రకమైతే 55 నుంచి 60 శాతం మాత్రమే స్పీకర్‌కి చేరుతుంది. అంటే 40 ఆంపియర్ల ఫ్యూజున్న క్లాస్ డి యాంప్లిఫయర్ నుంచి నికరంగా వచ్చేది 440 వాట్ల దాకానే. దాని డబ్బా మీద 2000 అని ఉందంటే ఆ అమ్మకందారుడి మిగతా మాటలనూ అదే కొలతతో చూడొచ్చు.

ఇప్పుడు ఈ లెక్కను తిప్పి వేద్దాం. తలుపు స్పీకర్లకు 75 వాట్ల చొప్పున నాలుగు ఛానెళ్ల క్లాస్ ఏబీ యాంప్లిఫయర్, సబ్‌వూఫర్‌కి (బాస్ కోసం ఉండే పెద్ద స్పీకర్) 500 వాట్ల మోనో క్లాస్ డి అనుకోండి. మొదటిది 300 ÷ 0.6 = 500 వాట్లు లోపలికి లాగుతుంది. దాన్ని 13.8తో భాగిస్తే 36 ఆంపియర్లు. రెండోది 500 ÷ 0.8 = 625 వాట్లు, అంటే 45 ఆంపియర్లు. రెండూ కలిపి 81. ఈ గైడ్ మొత్తానికి ఇదే ఉదాహరణ వాడతాను.

ఆ 81 ఆంపియర్లు నిరంతరం లాగవు. సంగీతంలో డ్రమ్ దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి, వక్రీకరణ లేకుండా గట్టిగా పెట్టినా సగటు వాడకం మూడో వంతు దగ్గర, ఇక్కడ సుమారు 27 ఆంపియర్లు ఉంటుంది. వైరు, ఫ్యూజు ఎంచుకునేటప్పుడు 81ని చూడాలి. ఆల్టర్నేటర్ సరిపోతుందా అని చూసుకోవడానికి 27 చాలు. ఈ రెండు అంకెలనూ కలగాపులగం చేయడం వల్లే సగం మంది అనవసరంగా ఆల్టర్నేటర్ మార్పిస్తారు, మిగతా సగం వైరు సన్నది వేస్తారు.

ఆల్టర్నేటర్ ఎన్ని ఆంపియర్లదో దాని లేబుల్ మీదో, కారు సర్వీస్ పుస్తకంలోనో ఉంటుంది. 90 అని ఉంటే అది ఇంజిన్ బాగా తిరుగుతున్నప్పటి మాట. ఐడిల్‌లో, అందులోనూ వేడెక్కాక, చాలా ఆల్టర్నేటర్లు అందులో సగం అటూఇటూ మాత్రమే ఇస్తాయి. కారుకే ఇంజిన్ కంప్యూటర్, ఫ్యూయల్ పంపు, ఏసీ బ్లోయర్, రేడియేటర్ ఫ్యాన్, లైట్లు అన్నీ కలిసి 30 నుంచి 50 ఆంపియర్లు కావాలి. రాత్రిపూట, ఏసీ వేసుకుని, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడే లైట్లు ఎందుకు మినుక్కుమంటాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఉన్న పరిస్థితి తెలుసుకోవాలంటే ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, హెడ్‌లైట్లు, ఏసీ, వెనక అద్దం హీటరు అన్నీ వేసి, బ్యాటరీ టెర్మినళ్ల మీద మల్టీమీటర్ పెట్టండి. 13.5 వోల్టుల పైన నిలబడితే కొంత మిగులు ఉన్నట్టే. 13 దిగువకి జారుతుంటే ఆడియో పెట్టకముందే ఆల్టర్నేటర్ పరిమితికి వచ్చేసిందని. ఒక మినహాయింపు ఉంది. కొత్త కార్లలో కంప్యూటర్ అదుపులో నడిచే స్మార్ట్ ఆల్టర్నేటర్లు ఇంధనం ఆదా కోసం కావాలనే వోల్టేజీని 12.5 దాకా దించి, అవసరమైనప్పుడు 15 దగ్గరకి పెంచుతాయి. అలాంటి కార్లలో ఒక్క రీడింగ్ చూసి తీర్పు చెప్పకూడదు. హెడ్‌లైట్లు వేస్తే చాలా వాటిలో వోల్టేజీ స్థిరపడుతుంది.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల సంగతి వేరు. వాటిలో ఆల్టర్నేటర్ బదులు పెద్ద బ్యాటరీ నుంచి 12 వోల్టులు తయారుచేసే కన్వర్టర్ ఉంటుంది. దాని పరిమితి తెలియకుండా పెద్ద యాంప్లిఫయర్ పెట్టొద్దు. నారింజ రంగు కేబుళ్ల జోలికి అసలే వెళ్లొద్దు, అవి ప్రాణాంతకం.

ఇక్కడ నాదో సలహా. 500 వాట్లని 1000 చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు అనిపించాలంటే పవర్ దాదాపు పదింతలు కావాలి. అదే 3 డెసిబెల్స్ సెన్సిటివిటీ (అంతే పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందనే కొలత) ఎక్కువున్న స్పీకర్ కొంటే వైరు, ఫ్యూజు, ఆల్టర్నేటర్ ఏదీ మార్చకుండానే ఆ పెరుగుదల వస్తుంది. లెక్క కుదరకపోతే యాంప్లిఫయర్ సైజు పెంచే ముందు స్పీకర్, బాక్సు వైపు చూడండి.

బ్యాటరీ: ఉన్నది చాలా, రెండోది కావాలా

ముందు ఉన్నదాన్ని పరీక్షించండి. కారు ఆపి కొన్ని గంటలయ్యాక మామూలు లెడ్-యాసిడ్ బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 దిగువకి వస్తే దాదాపు ఖాళీ. ఇంజిన్ స్టార్ట్ చేస్తున్న క్షణంలో 10 వోల్టుల కన్నా కిందికి పడిపోతుంటే ఆ బ్యాటరీ వయసైపోయిందేమో చూసుకోవాలి. అలసిపోయిన బ్యాటరీ మీద ఆడియో కట్టడం అనవసరపు టెన్షన్.

మన ఉదాహరణలాంటి వ్యవస్థకి, కారు నడుపుతూనే వినేవాళ్లకి, ఆరోగ్యంగా ఉన్న ఒక్క బ్యాటరీ చాలు. మార్చే సమయం వచ్చినప్పుడు అదే సైజులో ఏజీఎం రకం (యాసిడ్‌ని గాజు నార పొరల్లో పీల్చుకుని ఉంచే మూసిన బ్యాటరీ) వేసుకుంటే మంచిది. దాని అంతర్గత నిరోధం తక్కువ కాబట్టి బాస్ దెబ్బకి వోల్టేజీ తక్కువగా కుంగుతుంది. అయితే మీ కారు ఛార్జింగ్ వ్యవస్థకి ఆ రకం పడుతుందో లేదో చూసుకోండి. ఇంజిన్ వేడికి మరీ దగ్గరగా ఉండే చోట ఏజీఎం ఎక్కువకాలం మన్నదు. స్టార్ట్-స్టాప్ (సిగ్నల్ దగ్గర ఇంజిన్ తానే ఆగి మళ్లీ మొదలయ్యే ఏర్పాటు) ఉన్న కారులో ఏజీఎం గానీ, మామూలు రకాన్నే గట్టిపరిచిన ఈఎఫ్‌బీ గానీ ముందే ఉంటుంది. దాని స్థానంలో మామూలు బ్యాటరీ వేయకూడదు. కొన్ని కార్లలో కొత్త బ్యాటరీ వేశాక ఆ సంగతి కంప్యూటర్‌కి స్కానర్‌తో చెప్పాల్సి ఉంటుంది.

రెండో బ్యాటరీ నిజంగా అవసరమయ్యేది ఇంజిన్ ఆపి గంటల తరబడి వినేవాళ్లకి. సగటున 25 ఆంపియర్లు లాగే వ్యవస్థని 50 ఆంపియర్-అవర్ల బ్యాటరీ మీద మోగిస్తే కాగితం మీద రెండు గంటలు వస్తుంది. కానీ స్టార్టర్ బ్యాటరీని సగం కన్నా కిందికి దించితే లోపల సల్ఫేట్ పేరుకుని ఆయుష్షు తగ్గిపోతుంది, పైగా తిరిగి ఇంజిన్ స్టార్ట్ కావాలి. కాబట్టి వాస్తవంగా ఒక గంట. అంతకన్నా ఎక్కువ కావాలంటేనే డిక్కీలో రెండోది పెట్టండి. పెట్టేటప్పుడు ఈ నియమాలు తప్పనిసరి.

కారు లోపల, మనుషులు కూర్చునే గాలిలో, నీళ్లు పోసే రకం బ్యాటరీ పెట్టకూడదు. ఛార్జింగ్‌లో అది హైడ్రోజన్ వదులుతుంది, బోల్తా పడితే యాసిడ్ ఒలుకుతుంది. ఏజీఎం మూసిన రకమే అయినా ఓవర్ ఛార్జ్ అయితే వాయువు వదలగలదు. అందుకే వెంట్ గొట్టానికి చోటున్న మోడల్ తీసుకుని ఆ గొట్టాన్ని బయటికి తీయండి. బ్యాటరీని బెల్టుతోనో ఇనుప బ్రాకెట్‌తోనో బాడీకి బిగించాలి. ప్రమాదంలో 20 కిలోల బరువు ముందుకి ఎగిరితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

రెండు బ్యాటరీలని నేరుగా కలిపితే రెండూ ఒకే రకం, ఒకే వయసు అయి ఉండాలి. లేకపోతే బలహీనమైనది రెండోదాన్ని రాత్రంతా కిందికి లాగుతుంది. వేర్వేరు వయసులవైతే మధ్యలో వోల్టేజీని చూసి పనిచేసే రిలే పెట్టండి. ఆల్టర్నేటర్ నడిచి వోల్టేజీ 13.3 ప్రాంతానికి వచ్చాక అది రెండింటినీ కలుపుతుంది, 12.8 దగ్గర విడదీస్తుంది. ఇంజిన్ ఆపి రెండో బ్యాటరీ ఖాళీ చేసినా మొదటిది స్టార్టింగ్‌కి మిగిలి ఉంటుంది. ఈ రెండు బ్యాటరీల మధ్య నడిచే వైరుకి రెండు చివర్లా ఫ్యూజు ఉండాలి. ఒక చివర ఫ్యూజు పెట్టి సరిపోయిందనుకుంటే, మధ్యలో వైరు తెగి బాడీకి తగిలినప్పుడు రెండో బ్యాటరీ వైపు నుంచి మంటలు లేస్తాయి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు తేలిక, వోల్టేజీ కూడా గట్టిగా నిలుపుతాయి. ఊరికే ఉన్నప్పుడే 13.3 దగ్గర ఉంటాయి. అందుకే లెడ్-యాసిడ్‌తో నేరుగా కలపడం మంచిది కాదు, మధ్యలో డీసీ-డీసీ ఛార్జర్ ఉండాలి. సున్నా డిగ్రీల దిగువన వాటిని ఛార్జ్ చేయకూడదు, బోనెట్ కింది వేడిలో పెట్టకూడదు. ఆడియో మీద ఎంత మోజున్నా మొదటి ప్రయత్నానికి నేను దీన్ని సిఫారసు చేయను.

కెపాసిటర్ మాటేమిటంటారా? లెక్క చూడండి. 1 ఫారడ్ కెపాసిటర్ 14.4 వోల్టుల నుంచి 12 వోల్టులకు దిగే లోపు ఇవ్వగలిగేది సుమారు 32 జౌళ్లు. 1000 వాట్లు లాగే యాంప్లిఫయర్‌కి అది సెకనులో 30వ వంతు పాటు సరిపోతుంది. నీలం లైటుతో మెరిసే ఆ డబ్బా బదులు ఆ డబ్బు మందమైన వైరు మీద పెట్టండి.

వైరు, ఫ్యూజు

యాంప్లిఫయర్ దగ్గర వోల్టేజీ పడిపోవడానికి చాలాసార్లు కారణం వైరే. బ్యాటరీ నుంచి డిక్కీకి 5 మీటర్లు అనుకుంటే, 81 ఆంపియర్ల దగ్గర స్వచ్ఛమైన రాగి 8 గేజ్ వైరులో 0.8 వోల్టు పైగా పోతుంది. 4 గేజ్‌లో 0.33, 1/0 గేజ్‌లో 0.13 వోల్టు మాత్రమే. చదరపు మిల్లీమీటర్లలో చూస్తే 8 గేజ్ సుమారు 8.4, 4 గేజ్ 21, 1/0 గేజ్ 53. గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుందని గుర్తుంచుకోండి. మన ఉదాహరణకి 4 గేజ్ రాగి సరిపోతుంది. తర్వాత పెంచే ఆలోచన ఉంటే ఇప్పుడే 1/0 వేసుకోవడం చవక, ఎందుకంటే కారు లోపలి ట్రిమ్ మళ్లీ విప్పే పని తప్పుతుంది.

కిట్లలో వచ్చే వైరు చాలావరకు రాగి పూత పూసిన అల్యూమినియం. విద్యుత్ ప్రవహింపజేసే శక్తి రాగితో పోలిస్తే మూడింట రెండు వంతులకన్నా కొంచెం తక్కువ. అదే 4 గేజ్‌లో 0.33 వోల్టు బదులు అర వోల్టు పైన పోతుంది. గుర్తుపట్టడం తేలికే. చిన్న ముక్క చేతిలో పట్టుకుంటే బరువుండదు, తీగ కొనని గీకితే తెల్లగా కనిపిస్తుంది. అదే వాడాలనుకుంటే రెండు సైజులు పైకి వెళ్లండి. పైన కవరు మందంగా, లోపల తీగలు తక్కువగా ఉండే మోసపు గేజులు కూడా ఉంటాయి, కోసి చూశాకే కొనండి.

ఫ్యూజు యాంప్లిఫయర్‌ని కాపాడటానికి కాదు, వైరు కాలిపోకుండా. అందుకే అది బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కి 45 సెంటీమీటర్ల లోపే ఉండాలి. ఎంత దగ్గరుంటే అంత మంచిది. ఫ్యూజుకీ బ్యాటరీకీ మధ్యనున్న ముక్కకి ఏ రక్షణా ఉండదు. సైజు ఎంచేటప్పుడు రెండు హద్దులున్నాయి. యాంప్లిఫయర్లు లాగే గరిష్ఠ కరెంటు కన్నా కాస్త ఎక్కువ ఉండాలి, వైరు మోయగలిగినదాన్ని మాత్రం దాటకూడదు. మనకి 100 ఆంపియర్ల ఏఎన్ఎల్ ఫ్యూజు (ఎక్కువ కరెంటుకి వాడే బోల్టు రకం) సరిగ్గా కుదురుతుంది. డిక్కీలో ఒక డిస్ట్రిబ్యూషన్ బ్లాకు పెట్టి రెండు యాంప్లిఫయర్లకి సన్నని వైర్లు తీస్తే, ఆ బ్లాకులోనే ఒక్కోదానికి దానికి తగిన ఫ్యూజు పడాలి. లావు వైరు ఫ్యూజు సన్న వైరుని కాపాడలేదు.

అమర్చడం

ఉంగరం, గడియారం, కడియం తీసేయండి. ఇంజిన్ ఆపి, తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ ముందు విప్పండి. చివర్లో బిగించేది కూడా అదే. పాజిటివ్ ముందు విప్పితే స్పానర్ బాడీకి తగిలిన మరుక్షణం నిప్పురవ్వలు ఎగురుతాయి. ఎయిర్‌బ్యాగ్ వైర్ల దగ్గర పని ఉంటే నెగటివ్ తీశాక కారు పుస్తకంలో చెప్పినంతసేపు ఆగండి. పసుపు రంగు కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగులవే, ముట్టుకోవద్దు.

పవర్ వైరుని ఇంజిన్ గది నుంచి లోపలికి తేవడమే అందరినీ భయపెట్టే ఘట్టం. కంపెనీ వైరింగ్ వెళ్లే రబ్బరు గ్రొమెట్‌లో చోటుంటే అక్కడే చిన్న గంటు పెట్టి పంపండి. కొత్త రంధ్రం వేయాల్సి వస్తే వెనకవైపు ఏముందో చూశాకే డ్రిల్ పట్టండి, రంధ్రానికి తప్పకుండా గ్రొమెట్ వేయండి. వట్టి ఇనుప అంచు నెలల తరబడి కదలికకి కవరుని కోసేస్తుంది. వైరు ఎగ్జాస్ట్ వేడికీ, స్టీరింగ్ కడ్డీకీ, పెడళ్లకీ దూరంగా ఉండాలి. లోపల ఒకవైపు గుమ్మం ట్రిమ్ కింద పవర్ వైరు, రెండోవైపు స్టీరియో నుంచి యాంప్లిఫయర్‌కి సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ కేబుళ్లు నడపండి. రెండూ ఎక్కడైనా ఒకదాన్నొకటి దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి.

ఇప్పుడు ఎర్త్. ఆడియో ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి కాబట్టి దీని మీద కాస్త సమయం పెట్టండి. పవర్ వైరు ఎంత లావుందో ఎర్త్ వైరూ అంతే లావుండాలి, పొడవు 45 సెంటీమీటర్లు దాటకూడదు. బాడీలో మందంగా ఉన్న చోటు ఎంచుకుని, నాణెం అంత వెడల్పున పెయింటు, కింది ప్రైమరు పూర్తిగా గీకి, మెరిసే ఇనుము కనపడేదాకా శుభ్రం చేయండి. లగ్గు (వైరు కొనకి బిగించే లోహపు రింగు), పళ్లున్న వాషరు, బోల్టు, నట్టు వేసి గట్టిగా బిగించి, పైన పెయింటో గ్రీజో పూస్తే తుప్పు పట్టదు. సీటు బెల్టు బోల్టుని వాడకండి, అది ప్రాణరక్షణ భాగం. సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ కూడా వద్దు. డ్రిల్ చేసే ముందు కారు కిందకి తొంగిచూడాలి, డిక్కీ కింద ఇంధన ట్యాంకు, బ్రేకు గొట్టాలు ఉంటాయి.

ఎర్త్ బాగుందో లేదో మల్టీమీటర్‌ని ఓమ్‌ల మీద పెట్టి చూసేవాళ్లు చాలామంది. మామూలు మీటరు అంత చిన్న నిరోధాన్ని కొలవలేదు, దాని సొంత తీగలకే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. సరైన పద్ధతి వేరు. పాట గట్టిగా మోగుతుండగా, మీటరుని డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక కొన యాంప్లిఫయర్ ఎర్త్ టెర్మినల్ మీద, ఇంకో కొన పొడవైన వైరుతో బ్యాటరీ నెగటివ్ మీద పెట్టండి. 0.1, 0.2 వోల్టుల దగ్గర ఉంటే బాగున్నట్టు. అర వోల్టు చూపిస్తే ఎక్కడో పెయింటు మిగిలింది, లేదా బ్యాటరీ నుంచి బాడీకి వచ్చే కంపెనీ వైరు సన్నగా ఉంది.

రెండో కారణమే అయితే బోనెట్ కింద మూడు వైర్లు లావువి వేయాలి: ఆల్టర్నేటర్ పాజిటివ్ నుంచి ఫ్యూజుతో బ్యాటరీ పాజిటివ్‌కి, బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, ఇంజిన్ నుంచి బాడీకి. ఉన్నవాటిని తీయకుండా పక్కన అదనంగా వేస్తే చాలు. ఒక జాగ్రత్త: కొత్త కార్లలో నెగటివ్ టెర్మినల్ మీద కరెంటు కొలిచే చిన్న సెన్సర్ ఉంటుంది. ఏ అదనపు ఎర్త్ అయినా ఆ సెన్సర్‌కి అవతల, బాడీ వైపు పడాలి. నేరుగా టెర్మినల్‌కి బిగిస్తే కంప్యూటర్ లెక్క తప్పి ఛార్జింగ్ గాడి తప్పుతుంది.

యాంప్లిఫయర్‌ని ఆన్ చేసే రిమోట్ వైరు సన్నది చాలు. స్టీరియో ఆన్ అయినప్పుడే 12 వోల్టులు వచ్చే తీగకి కలపాలి. సాధారణంగా అది నీలం, తెలుపు చారల తీగ. ఎప్పుడూ కరెంటుండే తీగకి కలిపితే యాంప్లిఫయర్ రాత్రంతా మేలుకుని ఉంటుంది. కంపెనీ స్టీరియోకి ఆర్‌సీఏ లేకపోతే స్పీకర్ వైర్లనే తీసుకునే హై-లెవెల్ ఇన్‌పుట్ ఉన్న యాంప్లిఫయర్ కొనండి. వాటిలో చాలా మోడళ్లు సిగ్నల్ రాగానే తామే ఆన్ అవుతాయి.

యాంప్లిఫయర్‌ని సబ్‌వూఫర్ బాక్సు మీద బిగించకండి, అదురుకి లోపలి సోల్డరింగ్ వదులవుతుంది. తలకిందులుగానూ వద్దు, వేడి పైకి పోవాలి కదా. చుట్టూ నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ ఉంచండి.

స్పీకర్ వైపు చూసుకోవాల్సింది ఓమ్‌ల లెక్కే. 4 ఓమ్‌ల రెండు కాయిళ్లున్న సబ్‌వూఫర్‌ని సమాంతరంగా కలిపితే 2 ఓమ్‌లు, వరసగా కలిపితే 8. యాంప్లిఫయర్ భరించే కనిష్ఠం కన్నా కిందికి వెళ్లకూడదు. రెండు ఛానెళ్లని బ్రిడ్జ్ చేసి, అంటే కలిపి ఒక్కటిగా వాడి, 4 ఓమ్‌ల స్పీకర్ కలిపితే ఒక్కో ఛానెల్‌కి అది 2 ఓమ్‌లలా కనిపిస్తుంది. కలిపాక మీటరుతో చూడండి. 4 ఓమ్‌ల స్పీకర్ 3.2 నుంచి 3.6 మధ్య చూపించడం మామూలే.

ఫ్యూజు తీసి ఉంచే అన్ని కనెక్షన్లూ పూర్తిచేయండి. పవర్ వైరు బాడీకి షార్ట్ కాలేదని మీటరుతో నిర్ధారించుకుని, బ్యాటరీ నెగటివ్ బిగించి, చివరగా ఫ్యూజు వేయండి. ఆ క్షణంలో చిటుక్కుమని చిన్న మెరుపు వస్తే కంగారుపడకండి, యాంప్లిఫయర్ లోపలి కెపాసిటర్లు నిండుతున్నాయంతే.

గెయిన్ పెట్టడం

గెయిన్ వాల్యూమ్ కాదు. స్టీరియో ఇచ్చే సిగ్నల్ స్థాయిని యాంప్లిఫయర్‌కి సరిపోల్చే సర్దుబాటు అది. ఎక్కువ తిప్పితే పవర్ పెరగదు, పరిమితి త్వరగా వచ్చేస్తుంది. ఆ తర్వాత తరంగం తలలు తెగి చదరంగా మారుతుంది. పూర్తిగా చదరమైన తరంగం అదే ఎత్తున్న మామూలు తరంగం కన్నా రెట్టింపు పవర్ మోస్తుంది. అదంతా కాయిల్‌ని వేడెక్కిస్తుంది. "తక్కువ పవర్ యాంప్లిఫయర్ స్పీకర్‌ని కాల్చేస్తుంది" అనే మాటకి మూలం ఇదే. తక్కువ పవర్ ఎవరినీ కాల్చదు, అదుపు తప్పిన గెయిన్ కాలుస్తుంది.

మల్టీమీటర్‌తో పెట్టే పద్ధతి ఇది. స్పీకర్ వైర్లు యాంప్లిఫయర్ నుంచి విప్పండి. స్టీరియోలో బాస్, ట్రెబుల్, లౌడ్‌నెస్ అన్నీ సున్నా. యాంప్లిఫయర్ మీద బాస్ బూస్ట్ సున్నా, గెయిన్ పూర్తిగా కిందికి. స్టీరియో వాల్యూమ్ గరిష్ఠంలో మూడొంతుల దగ్గర పెట్టండి, ఇక మీదట దాన్ని దాటరు. ఇంజిన్ నడుస్తుండాలి. సబ్‌వూఫర్ యాంప్లిఫయర్‌కి 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ 0 డెసిబెల్ స్థాయిలో (డిజిటల్ రికార్డింగ్‌లో అదే గరిష్ఠం) మోగించి, ఏసీ వోల్టుల మీద మీటరు పెట్టి, లక్ష్యం వచ్చేదాకా గెయిన్‌ని నెమ్మదిగా పెంచండి.

లక్ష్యం ఎలా తెలుస్తుంది? వాట్లని ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయాలి. 2 ఓమ్‌ల మీద 500 వాట్లకి 1000 వర్గమూలం, అంటే 31.6 వోల్టులు. 4 ఓమ్‌ల మీద 75 వాట్లకి 17.3 వోల్టులు. నాలుగు ఛానెళ్ల యాంప్లిఫయర్‌కి చాలామంది 1000 హెర్ట్జ్ టోన్ వాడమంటారు. చవక మల్టీమీటర్లలో చాలావాటికి ఏసీ కొలత 400 హెర్ట్జ్ దాకానే నమ్మకం, కాబట్టి 300 హెర్ట్జ్ టోన్ మేలు. స్పీకర్ సామర్థ్యం యాంప్లిఫయర్ కన్నా తక్కువైతే స్పీకర్ వాట్లతోనే లెక్క వేయండి.

ఈ పద్ధతికి ఒక లోపం ఉంది. తరంగం చెడిందో లేదో మీటరు చూపించదు, స్టీరియోనే సిగ్నల్‌ని చెడగొడుతుంటే అసలు పట్టుకోలేదు. ఆసిలోస్కోపు దొరికితే దానికి సాటిలేదు. చేతిలో పట్టుకునే చిన్న రకమైనా చాలు.

తర్వాత క్రాసోవర్, అంటే ఏ స్పీకర్‌కి ఏ శబ్దాలు వెళ్లాలో విడదీసే ఫిల్టర్. తలుపు స్పీకర్లకి హై-పాస్ (ఆ పైవే పంపేది) 80 హెర్ట్జ్, సబ్‌వూఫర్‌కి లో-పాస్ (ఆ కిందివే పంపేది) 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి చెవితో సర్దుకోండి. గొట్టం ఉన్న బాక్సు అయితే మరీ లోతు శబ్దాల్ని ఆపే సబ్‌సోనిక్ ఫిల్టర్‌ని బాక్సు ట్యూనింగ్ కన్నా కొన్ని హెర్ట్జ్ కింద పెట్టండి. సబ్‌వూఫర్ ఫేజ్ స్విచ్‌ని అటూఇటూ మార్చి, డ్రైవర్ సీటులో బాస్ ఎటు నిండుగా వినిపిస్తే అటే ఉంచండి.

తేడా వచ్చినప్పుడు

లైట్లు ఇంకా మసకబారుతుంటే ఊహించొద్దు, కొలవండి. గట్టిగా మోగుతుండగా బ్యాటరీ మీద ఒకసారి, యాంప్లిఫయర్ పవర్ టెర్మినళ్ల మీద ఒకసారి వోల్టేజీ చూడండి. బ్యాటరీ దగ్గర 14 ఉండి యాంప్లిఫయర్ దగ్గర 12.5 ఉంటే తప్పు వైరుదో, ఫ్యూజు హోల్డరుదో, ఎర్త్‌దో. రెండు చోట్లా కలిసి పడిపోతుంటే ఆల్టర్నేటర్ చాలడం లేదు. అప్పుడు మాత్రమే పెద్ద ఆల్టర్నేటర్ గురించి ఆలోచించాలి.

ఇంజిన్ వేగంతో పాటు పెరిగే కూత వినిపిస్తే ముందు ఆర్‌సీఏ కేబుళ్లు యాంప్లిఫయర్ నుంచి పీకి చూడండి. కూత ఆగితే అది స్టీరియో వైపు నుంచో కేబుల్ దారిలోనో వస్తోంది, ఆగకపోతే యాంప్లిఫయర్ ఎర్త్‌ని మళ్లీ గీకాలి. యాంప్లిఫయర్ మీది ప్రొటెక్ట్ లైటు (లోపం పసిగట్టి తనను తాను ఆపుకున్నట్టు గుర్తు) వెలిగితే స్పీకర్ వైర్లన్నీ విప్పి ఆన్ చేయండి. లైటు ఆరిపోతే షార్ట్ స్పీకర్ వైపుంది, ఆరకపోతే వోల్టేజీ, వేడి, లేదా యాంప్లిఫయర్ లోపమే.

పొద్దున్నే కారు స్టార్ట్ కావట్లేదంటే నిద్రలోనూ ఏదో కరెంటు తాగుతోంది. కారు లాక్ చేసి అరగంట ఆగి, నెగటివ్ వైపు మీటరు వరసలో పెట్టి చూస్తే చాలా కార్లలో 50 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి. ఎక్కువుంటే ఆడియో ఫ్యూజు తీసి చూడండి, అంకె పడిపోతే దొంగ ఆడియో వైపే ఉంది, చాలాసార్లు అది రిమోట్ వైరే. 1 ఆంపియర్ చొప్పున లాగినా రోజుకి 24 ఆంపియర్-అవర్లు, రెండు రోజుల్లో మామూలు బ్యాటరీ ఖాళీ.

కొన్ని వారాలు వాడాక ఒకసారి గట్టిగా మోగించి ఆపి, ఫ్యూజు హోల్డరుని, లగ్గుల్ని వేలితో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. వేలు ఆన్చలేనంత వేడిగా ఉన్న జాయింటు వదులైనట్టే, నెగటివ్ విప్పి దాన్ని శుభ్రంచేసి మళ్లీ బిగించండి.